పెరటి గడప

ఇంటికి ముఖమొకటియే యని లోకమున తలంపు. ఆ ముఖము వీధి గుమ్మము. దానిముందు కళ్ళాపి చల్లుదురు, ముగ్గు పెట్టుదురు, గడపకు పసుపు పూసి కుంకుమ బొట్లుంతురు, పండుగ వచ్చినచో మామిడాకుల తోరణము కట్టుదురు. క్రొత్తగా వచ్చిన చుట్టము దానిని చూచియే యింటివారి కలిమిని, శుభ్రతను, అభిరుచిని నిర్ణయించును. అయితే ప్రతి గృహమునకును వెనుకటి గుమ్మమొకటి కలదు. అంట్లు తోముటయు, బట్టలుదుకుటయు, నీరు మోసికొని వచ్చుటయు, చెత్త తీసికొనిపోవుటయు అచ్చటనే జరుగును. దినమునకు ఇరువది మాఱులు మనవారు దానిని దాటుదురు. అయినను దానివంక చూచువారు అరుదు. తలుపు చివికినను, మెట్టు విఱిగినను, "పెరడే గదా" యని యూరకుందుము.

గృహస్థుని ధర్మమును పరీక్షింపదలచినవారు వీధి గుమ్మమును విడిచి పెరటి గుమ్మమును చూడవలెనని మేమిటీవల తలంచుచున్నాము. ఈ తలంపు మాకు గ్రంథములను చదువుటచే కలిగినది కాదు. మా యింటి పెరటి మెట్టుపై జరిగిన యొక చిన్న సంగతిచే కలిగినది. అందు తప్పు మాది. దానిని దాచక చెప్పినగాని తరువాతి విచారమునకు ఆధారముండదు గనుక ముందుగా దానినే చెప్పెదము.

మా నివాసము మార్కాపురము. నల్లమల కొండలకు తూర్పుననున్న యీ సీమలో వాన తక్కువ. పలుచోట్ల భూగర్భజలములో ఫ్లోరైడు ఎక్కువ. వేసవి వచ్చినచో ట్యాంకరు కొఱకు బిందెలతో వరుసగా నిలుచు వీధులు మార్కాపురమునందును, చుట్టుపట్ల గ్రామములందును కలవు. అట్లు తెచ్చిన నీరు వీధి గుమ్మమున లోనికి రాదు. పెరటి గుమ్మముననే వచ్చి గాబులోనికి చేరును. నీటి బిందెను చంకనుంచుకొని త్రొక్కవలసిన మెట్టు ఎట్లుండవలెనో చెప్పనక్కఱలేదు. మా పెరటి మెట్లు అట్లుండలేదు. అవి రెండు: ఒకటి ఇంచుమించు అడుగెత్తు, రెండవది ఒకవైపునకు ఒఱగినది. గాబునుండి పొరలిన నీరు వాని క్రిందనే నిలిచి పాకుడు పట్టుచుండెను. తలుపు మా తండ్రిగారి కాలమునాటిది. దాని యడుగున జానెడు మేర చెక్క నాని చివికిపోయెను. గొళ్ళెము పడవలెనన్నచో మోకాటితో నెట్టవలెను. దీపము లేదు.

గత వర్షాకాలమున నొకనాటి వేకువ మేము వసారాలో కూర్చుండి విద్యార్థుల పరీక్షాపత్రములు దిద్దుచుంటిమి. మా యింట అంట్లు తోమునామె, ఏబదియేండ్లు దాటినది, పదునాలుగేండ్లుగా మా యింటికి వచ్చుచున్నది, గిన్నెల తట్టతో ఆ మెట్టు దిగుచు పాకుడుపై కాలుజారి పడెను. గిన్నెలు దొర్లిన చప్పుడు లోనికి వినవచ్చెను. మేము కూర్చున్నచోటునుండి లేవకయే "ఏం పగిలింది?" అని కేకవేసితిమి.

చీకటిలోనుండి సమాధానము వచ్చెను: "ఏం పగల్లేదు సారూ, నేనే పడ్డా."

ఆమె ఆ మాటను కోపముతో అనలేదు. వస్తునష్టము జరుగలేదని మాకు ధైర్యము చెప్పుటకే యనెను. పదునాలుగేండ్ల పరిచయములో మా మనస్సులో దేనికి మొదటి స్థానమో ఆమె గ్రహించి, ఆ క్రమముననే బదులు చెప్పెను. మా ప్రశ్నకంటె ఆ బదులు మమ్మెక్కువ బాధించినది. ఆమె మణికట్టు వాచి పది దినములు పనికి రాజాలకపోయెను. ఆ దినములకు జీతము తగ్గింపలేదని మేము మొదట సంతోషించితిమి. అది సంతోషింపదగిన సంగతి యని తోచుటయే మా స్థితికి నిదర్శనము.

ఆ పది దినములలో మా జమాఖర్చు పుస్తకములను తీసి చూచితిమి. పండ్రెండేండ్లలో వీధి గుమ్మమునకు మూడు మాఱులు రంగు వేయించితిమి. ఒకమాఱు పాత తలుపును తీసి టేకు తలుపు పెట్టించి దానికి ఇత్తడి పిడి బిగించితిమి. అరుగులకు నునుపురాయి పఱపించితిమి. పెరటి క్రింద వ్రాసిన ఖర్చు ఒక్కటియే కనబడెను. అది గొళ్ళెము వెల. దొంగలు రాకుండుటకు కొన్న వస్తువది. పనికి వచ్చువారికొఱకు కొన్నది కాదు.

కంభము చెఱువును చూచినవారు ఈ పత్రిక చదువువారిలో పలువురుందురు. విజయనగర రాజుల కాలమున గుండ్లకమ్మ నదికి కొండల నడుమ కట్టవేసి దానిని నిర్మించిరి. చూడవచ్చినవారు కట్టపై నిలిచి నీటి విస్తీర్ణమును మెచ్చుకొందురు. ఆయకట్టు రైతు తూము సరిగా పాఱుచున్నదా, అలుగు చెడలేదా యని చూచును. తూము పూడినచో పైరెండును. అలుగు చెడినచో కట్టయే తెగును. గృహమునకు పెరడట్టిది. లోనికి రావలసిన నీరును, బయటికి పోవలసిన మురుగును, ఇల్లు నిలుచుటకు కావలసిన శ్రమయు ఆ దారిననే నడచును. అట్టిదానిని హీనముగ చూచుట అవివేకమని ఎవరైన నొప్పుకొందురు. కాని యది అవివేకము మాత్రమేనా? అన్యాయము కూడనా? మా విచారము ఈ రెండవ ప్రశ్నను గుఱించినది.

మన భాషను చూడుడు. అక్రమముగ నుద్యోగము సంపాదించినవానిని "దొడ్డిదారిన వచ్చినాడు" అందుము. ఆంగ్లేయులును ఇట్టి సందర్భములందు వెనుక తలుపు పేరే చెప్పుదురు. దొంగయైనను, లంచగొండియైనను ఆ దారిని ఏ యొకనాడో వచ్చును. చాకలియు, పాలవాడును, నీరు మోయునదియు, అంట్లు తోమునదియు ప్రతిదినమును పట్టపగలు ఆ దారిననే వత్తురు. ఇంతమంది సజ్జనులు నడచిన దారికి దుర్జనుని పేరేల కలిగినది? ఆ సజ్జనులను మనమెన్నడును గణనకు తెచ్చుకొనలేదు గనుక.

ఈ యుపేక్షకు దీర్ఘమైన చరిత్ర కలదు. పూర్వము పట్టణములలో ఇండ్లవెనుక ఇఱుకు సందులుండెడివి. నీటి వసతి లేని మరుగుదొడ్లకు వెనుకవైపున చిన్న కంత యొకటి విడుచుచుండిరి. పాకీపనివారు ఆ సందున వచ్చి, ఆ కంతనుండి మలమునెత్తి, తట్టలలో మోసికొనిపోవుచుండిరి. ఇంటివారికి వారి ముఖము కనబడకుండునట్లు చేసిన యేర్పాటది. అదియు నొక పెరటి ద్వారమే. అంతకంటె నీచమైన ద్వారమును మనుష్యుడు మనుష్యునికొఱకు నిర్మింపలేదు. ఆ పనికి మనుష్యులను నియమించుటను 1993లో మన పార్లమెంటు చట్టముచే నిషేధించెను. అది చాలనందున 2013లో మఱింత విస్తృతమైన చట్టము చేయవలసివచ్చెను. కోలారు బంగారు గనుల ప్రాంతమున తెలుగు కుటుంబములో 1966లో జన్మించిన బెజవాడ విల్సనుగారు ఈ యాచారమును నిర్మూలించుటకే తమ జీవితమును వినియోగించి 2016లో రామన్ మెగసెసె పురస్కారమును పొందిరి.

ఆ గడప పనివారికి మాత్రమే హద్దుగా నుండలేదు. ఇంటి స్త్రీలకును హద్దయ్యెను. నెలకు మూడు దినములు స్త్రీ పెరటి పంచలో వేఱుగా కూర్చుండవలెను. వేఱు చాప, వేఱు చెంబు, వేఱు కంచము. ప్రయాణమై బయలుదేఱువానికి ఎదురు రాగూడదని వితంతువును పెరటివైపునకు తఱుముచుండిరి. 1881 డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహమును జరిపించిరని మన పాఠశాలలలో బోధించుచున్నాము. ఆనాడు జరిగినదానిని గృహభాషలో చెప్పవలెనన్నచో, పెరటి చీకటిలో నిలువబెట్టిన యొక బాలికను వీధి గుమ్మమునకు తీసికొనివచ్చి పదిమంది యెదుట నిలుపుటయే.

మార్కాపురమున చెన్నకేశవస్వామి యాలయము కలదు. ఈ సీమ కర్నూలు జిల్లాలో చేరి చెన్నపురి రాష్ట్రమున నున్న దినములలో, 1947లో, ఆ రాష్ట్ర శాసనసభ చేసిన చట్టముచే హరిజనులకు దేవాలయ ప్రవేశాధికారము లభించెను. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము తన పదునేడవ యధికరణమున అస్పృశ్యతను రద్దు చేసెను. ఈ విధముగ దేవుని వాకిలి తెఱచుటకు శాసనములు వచ్చినవి. కాని మన పెరటి గుమ్మముకడ నిలిచిన మనిషిని లోనికి రమ్మని పిలుచుటకు ఏ శాసనమును రాదు. ఆ పని గృహస్థుడు తానే చేయవలెను. చేయకున్నను అతనిని అడుగువారు లేరు. అడుగువారు లేనిచోటనే ధర్మమునకు నిజమైన పరీక్ష.

సంస్కృతమున దేహళీదీపన్యాయమని యొకటి కలదు. గడపపై నుంచిన దీపము ఇంటిలోపలిని, వెలుపలిని ఏకకాలమున వెలిగించునని దాని భావము. ఒక పదము ముందు వాక్యమునకును, వెనుక వాక్యమునకును అన్వయించునప్పుడు వ్యాఖ్యాతలు ఈ న్యాయమును చెప్పుదురు. దీనిని మేము పిల్లలకు అనేకమాఱులు బోధించితిమి. మా పెరటి గడపపై దీపము లేదన్న సంగతి మాత్రము మాకు తోచలేదు. అక్కడ దీపమున్నచో ఆ మెట్టుపై పాకుడు ఆమెకు కనబడి యుండును. లోపల కూర్చున్న మా సంగతియు మాకు కనబడి యుండును.

పెరడును బాగుచేయింప నిశ్చయించితిమి. మేస్త్రిని పిలిచి కొలతలు చెప్పబోవుచుండగా మా కుమార్తె, "అక్కడ పనిచేసేది మనం కాదు గదా నాన్నగారూ, ఆమెనడగరాదా?" యనెను. చేయి నయమై ఆమె మరల పనికి వచ్చినంతట అడిగితిమి. ఆమె మొదట నవ్వి "నాదేముంది సారూ" యనెను. రెండవమాఱు అడుగగా నెమ్మదిగా చెప్పెను: "కూకోని తోమితే మోకాళ్ళు పట్టుకుంటన్నాయి. నిలబడి తోమేటట్టు గట్టు కట్టిస్తే బాగుంటది. సంచి తగిలించుకోను ఒక కొక్కెం కొట్టియ్యండి." అప్పటివఱకు ఆ సంచిని ఎక్కడ నుంచెదవని మేమడిగితిమి. కరివేపచెట్టు కొమ్మకట; వాన వచ్చిన దినమున బోర్లించిన బకెట్టు క్రిందనట. పదునాలుగేండ్లు మా కన్నుల యెదుట జరిగిన సంగతి యిది.

అంతట పని సాగినది. ఈ విషయమున శ్రద్ధగలవారికి ఉపయోగపడునని కొన్ని వివరములు చెప్పెదము. రెండు మెట్లను తీసివేసి, ఆఱంగుళముల యెత్తును, అడుగు వెడల్పును గల మూడు మెట్లు కట్టించితిమి. ప్రక్కన ఇనుపగొట్టముతో చేపట్టు పెట్టించితిమి. అది ఆమెకెంత యవసరమో, డెబ్బదియేండ్లు దాటిన మా తల్లిగారికి అంతకంటె నవసరము. నేలను గోడవైపునుండి వెలుపలికి గజమునకు అంగుళము చొప్పున వాలు పెట్టించితిమి. గట్టు నడుమెత్తున కట్టించి దానికి కుళాయి అమర్చితిమి. అంట్లు కడిగిన నీరు సన్నని కాలువ వెంట అరటిపాదునకును, కరివేపకును పోవును. నీటికి కటకటపడు మా సీమలో ఆ నీటిని మురుగునకు వదలుట పాపము. చూరును మూడడుగులు ముందుకు సాగించితిమి. తలుపు క్రొత్తది, దాని యడుగున తడి తగులకుండ రేకు కొట్టించితిమి. దీపపు మీటను లోపల నొకటి, వెలుపల నొకటి పెట్టించితిమి. ఏలయనగా వేకువ వచ్చు మనిషికి లోపలి మీట అందదు.

మెట్లకు మెఱుగుపెట్టిన పలకలు వేయుదమని మేస్త్రి యనెను. నునుపురాయి వీధి యరుగునకు అందమేగాని తడిపాదమునకు శత్రువు. కావున మా యూరి పలకరాతినే తెప్పించి, మెఱుగు పెట్టక, పొరలుగా చీలిన గరుకుముఖము పైకి వచ్చునట్లు పఱపించితిమి. మార్కాపురము పేరు చెప్పగానే పెద్దవారికి పలకలు జ్ఞప్తికి వచ్చును. ఎన్నో జిల్లాల బాలబాలికలు ఈ గనుల రాతిపైననే ఓనమాలు దిద్దిరి. కాగితపు పుస్తకములు వచ్చినపిదప వ్రాతపలకల వాడుక తగ్గినది. ఆ రాయి యిప్పుడు నేలలకును గోడలకును పోవుచున్నది, దేశాంతరములకును ఎగుమతి యగుచున్నది. రాతిని కోయునప్పుడు లేచు దుమ్ము కోయువారి ఊపిరితిత్తులకు హాని చేయునని కూడ ఇచ్చట చెప్పవలెను. గడపను గుఱించి యోచించువాడు గడపరాతి వెనుకనున్న చేతులను మఱువరాదు. పలక పట్టినవారమై మేము బ్రదుకుచున్నాము. ఆమె పలక పట్టలేదు. అదే రాయి నేడామె పాదముల క్రిందికి వచ్చినది. ఇది న్యాయము తీఱుట యని మేమనము. ఆలస్యముగ వచ్చిన స్వల్పపు వడ్డీ యని మాత్రమందుము.

ఖర్చును చూచి మా మిత్రుడొకడు ఆక్షేపించెను. "ఆమె యింటిలోనే ఇట్టి గట్టు లేదు గదా, మీ యింట నెందుకు?" అని యాతని ప్రశ్న. ఈ వాదము పలుచోట్ల వినబడును. వినుటకు బాగుగనే యుండును. ఆమె యింట ఆమె తన పని తాను చేసికొనును. మా యింట మా పని చేయుచున్నది. అందుచే మా గిన్నెలవలన కలిగిన మోకాటినొప్పికి బాధ్యులము మేము. బీదవాని యింట సౌకర్యము లేదనుట, అతనికి మన యింటను సౌకర్యము వలదనుటకు కారణము కాజాలదు. అట్లనువాడు బీదతనమునే తనకు సాక్షిగా పిలుచుకొనుచున్నాడు.

ఈ యాక్షేపణ తేలికది. మఱియొకటి వచ్చెను, దానికి బదులు చెప్పుట అంత సులభము కాలేదు.

గోడను మరమ్మతు చేయునప్పుడు మేస్త్రి పెరటి గూటిలోనుండి యొక స్టీలు గ్లాసును తీసి "ఇదెవరిదమ్మా?" యని యడిగెను. మా భార్య మావంక చూచెను. మేము మా తల్లిగారివంక చూచితిమి. ఎవరును పలుకలేదు. ఆ గ్లాసులో ఆమెకు ప్రతిదినమును కాఫీ యిచ్చుచుంటిమి. ఆమె త్రాగి, తానే కడిగి, మరల గూటిలో బోర్లించుచుండెను. దానిని అక్కడ ఎవరెప్పుడు పెట్టిరో మాకు జ్ఞప్తిలేదు. టీ దుకాణములలో రెండు గ్లాసుల పద్ధతిని గుఱించి మేము తరగతిలో ఆవేశముతో పాఠము చెప్పియుంటిమి. పదునేడవ యధికరణమును ప్రతి జనవరి 26వ తేదీని పిల్లలచే చదివించియుంటిమి. ఆ రెండవ గ్లాసు మా గూటిలోనే యుండెను.

అప్పుడు మా కుమార్తె యనెను: "మెట్టు అందంగా కట్టారు, దీపం పెట్టారు. ఆమె మాత్రం ఎప్పటికీ ఈ మెట్టు మీదే ఉండాలనా?"

ఈ మాట సూటిగా తగిలినది. అమెరికాలో నల్లవారికి వేఱు రైలుపెట్టెలు కేటాయించుట తప్పు కాదని, సౌకర్యములు సమానముగ నున్నచో వేఱుగా నుంచవచ్చునని, 1896లో అచ్చటి సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. 1954లో పాఠశాలల విషయమున అదే న్యాయస్థానము ఆ సిద్ధాంతమును త్రోసివేసి, వేఱుచేయుటలోనే అసమానత యున్నదనెను. భోజనశాలలు, వసతిగృహములు మొదలగు చోట్ల వర్ణభేదమును నిషేధించుటకు 1964 వఱకు పట్టెను. దక్షిణ రాష్ట్రములలో అంతకుముందు నల్లవాడు తెల్లవాని యింటికి వెనుక గుమ్మముననే రావలెననుట ఆచారము. దూరదేశపు కథ యని దీనిని త్రోసివేయరాదు. మన నగరములలో నేడు కట్టుచున్న బహుళాంతస్తుల భవనములలో కొన్నిట పనివారికి వేఱు లిఫ్టు ఏర్పఱచుచున్నారు. సందు పోయినది, పెరడు పోయినది. పెరటి గుమ్మము మాత్రము లిఫ్టు రూపమున మేడలెక్కినది.

కాబట్టి సౌకర్యము వేఱు, గౌరవము వేఱు. సౌకర్యమిచ్చి గౌరవమును ఎగవేయుట మర్యాదస్థులకు సులభమైన మార్గము. మేమును ఆ మార్గముననే పోవుచుంటిమని మా కుమార్తె మాటచే తెలిసినది. అయినంతమాత్రమున పెరటి గుమ్మమునే మూసివేయవలెనా? అదియు సరికాదు. పనికి అనువైన దారి యొకటి యుండుట దోషము కాదు. ఒకడు తనకు దగ్గఱయని యెన్నుకొన్న ద్వారము దారియగును. ఇతరులు వానికై విధించిన ద్వారము కంచెయగును. రెండును ఒకే చెక్కతో చేసినవైనను, వీధి గుమ్మము కూడ ఆ మనిషికి తెఱచియున్నదా లేదా యనునదే రెండింటికి భేదము.

మఱునాడు ఆమెతో, "ఇకమీదట ముందరనుండియే రావచ్చు" నని చెప్పితిమి. మహోపకారము చేయుచున్నట్లు మా గొంతు పలికియుండును. ఆమె తాపీగా, "ముందరగుండా వస్తే నాకు చుట్టు సారూ. మా వీధి ఇటే గదా" యనెను. మా త్యాగమునకు ఆమెవలన ప్రశంస రాలేదు. రానవసరమును లేదు. ఆమె యిప్పటికిని పెరటి దారిననే వచ్చుచున్నది; దారి యామె యెన్నుకొన్నది.

గ్లాసు సంగతి అంత సులభముగ తీఱలేదు. మా భార్య దానిని కడిగి వంటింటి గ్లాసులలో కలిపివేసెను. మా తల్లిగారు ఏమియు ననక, నాటినుండి తమ వెండి గ్లాసును వేఱుగ నుంచుకొని దానిలోనే కాఫీ త్రాగసాగిరి. ఇరువది దినములట్లు గడచెను. ఒకనాటి సాయంకాలమున మేము క్రొత్త మెట్టుపై కూర్చుండగా ఆమె చేపట్టు పట్టుకొని మెల్లగా దిగివచ్చి మా ప్రక్కన కూర్చుండి, "పెండ్లయి వచ్చినప్పటినుంచి నెలనెలా మూడు రోజులు నేనూ ఈ గడప అవతలే కూర్చున్నానురా నాయనా. మీ నాయనమ్మ చెంబు ఎత్తి పోసేది. ఆ నీళ్ళు తాగుతూ ఏడ్చేదాన్ని" యనిరి. మేము వేచియుంటిమి. ఆ తరువాత ఆమె మఱేమియు ననలేదు. ఆ గ్లాసును గూటిలో పెట్టినవారెవరని మేమును అడుగలేదు. దుఃఖమెఱిగినవారు పరుల దుఃఖమును తప్పక గ్రహింతురని గ్రంథములు చదివి నమ్మియుంటిమి. ఒక్కొక్కప్పుడు తాము పడిన హద్దునే మనుష్యులు కాపలా కాయుదురు. అది తప్ప వారికి దక్కిన స్థానము వేఱొకటి లేదు గనుక. మా తల్లిగారిని తప్పుపట్టుటకు మాకు నోరు రాలేదు. ఆమెకు ఆ హద్దు విధించినవారిలో మా వంశపు పురుషులందఱును ఉన్నారు.

ఇప్పుడు ఆమె వెండి గ్లాసును ఒక్కొక్కనాడు వాడుదురు, ఒక్కొక్కనాడు వాడరు. సంస్కరణము వేదికలపై జరిగినంత త్వరగా వంటింటిలో జరుగదు. అయినను వంటింటిలో జరిగినది వెనుకకు పోవుట అరుదు.

గడచిన యుగాదినాడు పనిచేయునామె తన మనుమరాలిని వెంటబెట్టుకొని, పండుగ చీర కట్టి, వీధి గుమ్మమున వచ్చెను. కుర్చీ చూపగా దాని యంచున కూర్చుండెను, వెనుకకు జారగిలబడలేదు. మనుమరాలు మాత్రము ఇల్లంతయు తిరిగి, పెరటి గుమ్మమున దిగి, మరల వీధి గుమ్మమున వచ్చి, ఈ రెండు ద్వారములకు భేదమున్నదని యెఱుగనట్లు నవ్వెను. ఆ పిల్ల ఆ భేదమును నేర్చుకొనకుండ చూచుట మనవంటివారి పని.

చదువరులలో ఇల్లు కట్టుకొనువారును, మరమ్మతు చేయించువారును ఉందురు. వారికి మేము విన్నవించునది స్వల్పము. మీ పెరటి గుమ్మముకడ ఒకమాఱు వేకువ చీకటిలో, చేత బరువుతో, తడి పాదములతో దిగి చూడుడు. అక్కడ పనిచేయువారిని సంప్రదించి కొలతలు నిర్ణయింపుడు. వారి సంచి యెక్కడ నున్నదో, వారు కూర్చుండుటకు పీటయున్నదో లేదో, వారు త్రాగు గ్లాసు ఏ గూటిలో నున్నదో చూడుడు. అటుపిమ్మట రాయి యేది, రంగు ఏది యని యోచింపుడు. రాతికి, సున్నమునకు అగు వ్యయము ఒకమాఱే. తక్కిన వ్యయము ప్రతిదినమును చెల్లింపవలసినది.

మా మట్టుకు మాకు ఒక్క మార్పు కలిగినదని చెప్పగలము. ఇప్పుడు పెరటివైపున చప్పుడైనచో మేము కూర్చున్నచోటునుండి కేకవేయుట మానినాము. మొదట లేచి పోవుచున్నాము; ప్రశ్న అక్కడికి పోయి యడుగుచున్నాము.